చివర ఒక్క ఎర్ర పోగు

ఫిబ్రవరి 4, 2023. ఎడ్మంటన్.

గుడ్డ ఎవరిది? బొమ్మ గీసినవాళ్లదా, నేసినవాళ్లదా? ఇరవై రెండేళ్ల కిందట హైదరాబాద్‌లో నేను పనిచేసిన స్టూడియో ఓనర్ అన్నపూర్ణ మేడమ్ నా డిజైన్ కింద తన పేరు వేసుకుని, మగ్గం నాది కదే అని నవ్వారు. అప్పటినుంచీ ఈ ప్రశ్న నాతోనే ఉంది.

ఇప్పుడు మగ్గం నాది. కంప్యూటర్ మగ్గం.

ఇషిత ఒక బొమ్మ తెచ్చింది. నల్గొండ వైపు పిల్ల, ఇక్కడ కాలేజీలో చదువు, వీకెండ్స్ నా స్టూడియోలో పార్ట్‌టైమ్. బొమ్మలో, గ్రాసరీ స్టోర్ బయట, మంచులో, రెజ్యూమేలు పట్టుకుని నిలబడ్డ స్టూడెంట్ల క్యూ. తనూ అందులో నాలుగు గంటలు నిలబడిందట. కాళ్లు ఉన్నయో లేవో తెల్వలే ఆంటీ, ముందటోళ్ల వీపులు మాత్రం మస్తు గుర్తున్నయి అంది.

నాకు ఇలాంటిది ఎన్నడూ తోచలేదు. కుళ్లుకున్నాను.

ఫిబ్రవరి 18

బొమ్మని గళ్లుగా మార్చాను. ఏ పోగు లేవాలో మగ్గానికి ఆ గళ్లే చెబుతాయి. క్యూలో చివరి మనిషి కాళ్ల దగ్గర ఒక్క గడి ఎర్రగా ఉంది. పొరపాటా అని ఇషితని అడిగాను. వాళ్ల నాయనమ్మ తను నేసిన ప్రతి చీరలో ఒక్క పోగు రంగు మార్చేదట. నేయించే సావుకారు ఎంత తిట్టినా మానలేదట. ఆమెకు సంతకం రాదు కదా ఆంటీ, గదే సంతకం అంది.

ఏప్రిల్‌లో ఇషితకి ఫైన్ ఆర్ట్స్ కాలేజీలో సీటుకి ఇంటర్వ్యూ. గ్యాలరీలో ఈ గుడ్డ పక్కన తన పేరుంటే సీటు వచ్చినట్టేనట.

మార్చి 9

గుడ్డని ప్రదర్శనలో పెట్టడానికి గ్యాలరీ వాళ్లు ఒప్పుకున్నారు. ఫారంలో ఆర్టిస్ట్ అన్నచోట రెండు పేర్లు పట్టేంత చోటుంది. నా పేరే రాశాను.

మార్చి 11, ఉదయం 6

ఎర్ర గడిని తెల్లగా మార్చాను. ఒక్క క్లిక్.

ఏప్రిల్ 2

ఓపెనింగ్. ఇషిత ముందు గుడ్డ పక్కనున్న పేరు కార్డు చదివింది. తర్వాత నేలమీద కూర్చుని, చివరి మనిషి కాళ్ల దగ్గర వేలితో వెతికింది. నా పోగేది ఆంటీ అంది. సాఫ్ట్‌వేర్ ఎర్రర్ అనుకుని తీసేసిందమ్మా అన్నాను.

ఆ సాఫ్ట్‌వేర్ నాకు నేర్పింది మీరే కదా ఆంటీ అంది. కోటు వేసుకుని వెళ్లిపోయింది.

ఏప్రిల్ 20

ఫైన్ ఆర్ట్స్ కాలేజీ నుంచి ఫోన్. ఆ డిజైన్ తనదేనని ఇషిత ఇంటర్వ్యూలో చెప్పిందట. నిజమేనా అని అడిగారు. షి అసిస్టెడ్ మీ అన్నాను. గొంతు వణకలేదు. అదే భయంగా ఉంది.

ఏప్రిల్ 27

ఎర్ర గడి మళ్లీ పెట్టాను. మగ్గం గుడ్డని మళ్లీ మొదటినుంచి నేస్తోంది.

సీట్ల లిస్టు రేపు. కాలేజీకి ఫోన్ చేసి నిజం చెప్పాలో వద్దో తేల్చుకోలేకపోతున్నాను.