కొలతలు మరచిపోయే అమ్మాయికి కత్తెర

డెబ్బై నాలుగేళ్లు నిండిన దర్జీనైన నేను, ఎవరి బలవంతమూ లేకుండా, పూర్తి స్వస్థచిత్తంతో రాయిస్తున్న వీలునామా ఇది. నా జ్ఞాపకశక్తి మీద ఎవరికీ అనుమానం అక్కర్లేదు. ఈ వీధిలో ఎవరి నడుము ఏ ఏడు ఎంత పెరిగిందో ఇప్పటికీ చెప్పగలను. అందుకే నేను ఎదురైతే పెద్దమనుషులు కూడా పొట్ట లోపలికి పీల్చుకుంటారు.

1. నా స్వార్జితమైన టైలరింగ్ షాపు, రెండు మిషన్లు, పెద్ద కత్తెర నా కూతురికి సర్వహక్కులతో చెందాలి. అబ్బాయికే వస్తాయని అందరూ అనుకుంటున్నారు. వాడిది నా జ్ఞాపకం, చూసింది మరచిపోడు. అమ్మాయి కళ్లజోడు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా వెతుకుతుంది. జన్యువుల ల్యాబులో పనిచేసే మనవరాలు మా అందరి ఉమ్మి పరీక్షించి, "తాతయ్యా, ఒక జన్యువు నీకూ నాన్నకీ ఒక రకంగా ఉంది, అత్తకి ఇంకో రకంగా ఉంది. అంతా దానివల్లే అనలేం గానీ, జ్ఞాపకంలో దానికీ కొంచెం వాటా ఉంది" అని తేల్చింది. అమ్మాయిని ఇన్నాళ్లూ బుర్రలేనిదన్న మా బావమరిది పై వాక్యాన్ని మళ్లీ చదువుకోగలరు.

2. కారణం ఏమనగా, అబ్బాయి పాత ఖాతాదారులకు టేపు వేయడు, గుర్తున్న కొలతకే కుట్టేస్తాడు. పోస్టుమాస్టరుగారి కోటు పదేళ్ల కిందటి నడుముకి కుట్టాడు. రిటైర్మెంటు సభలో ఆయన జ్ఞాపిక అందుకోవడానికి వంగగానే బొత్తాలు తెగి ఎగిరి వెళ్లి అధ్యక్షులవారికి తగిలాయి. అమ్మాయికి ఏదీ గుర్తుండదు కనుక, నిన్న వచ్చిన మనిషికైనా ఈరోజు మళ్లీ కొలత తీస్తుంది. మనుషులు మారతారు నాయనా.

3. అబ్బాయికి గుమ్మం పక్కనున్న నా కుర్చీ, షాపు రాబడిలో సగం. వచ్చినవాళ్లను, వాళ్ల పిల్లలను పేరు పేరునా పలకరించడం వాడికే చేతనవును. ఆ పలకరింపు కోసమే సగం మంది వస్తారు. చిన్నప్పుడు చెల్లెలు చింపిన గాలిపటం సంగతి మాత్రం ఇక ఎత్తకూడదు. దానికి ఆ సాయంత్రానికే గుర్తులేదు.

4. పొట్టి పోలీసు, పొడుగు ప్యాంటు జోకు కూడా అబ్బాయికే. అమ్మాయికి ఊహ తెలిసినప్పటి నుంచి వారం వారం చెబుతున్నాను. ప్రతిసారీ అప్పుడే విన్నట్టు కళ్లనీళ్లు వచ్చేలా నవ్వుతుంది. ఇంతకన్నా సంతోషం నేనెరగను. ఒరే అబ్బాయీ, నా తర్వాత ఆ జోకు నువ్వే చెప్పాలి. ఒక్క ముక్క పొల్లుపోకుండా చెప్పడం ఇంకెవరివల్లా కాదు.

ఇవన్నీ మనవరాలు దగ్గరుండి జరిపించాలి.

2025 జూన్ 8, ఆదివారం.
(సంతకం) టేపు తాత

సాక్షులు:
బొత్తాల కొట్టు పిన్నిగారు
ఎదురు సెలూన్ యజమాని

పై వీలునామాను, నాలుగో అంశంలోని జోకుతో సహా, మా ఎదుట వినిపించారు. మాకు నవ్వు రాలేదు. అమ్మాయిగారు కుర్చీలోంచి జారిపడ్డారు.