నేను లేని గ్రూపు

బుధవారం, పడుకునే ముందు

ఇవాళ టీ కాల్‌కు స్వప్న రాలేదు. ఇళ్ల నుంచే పనిచేసే మా టీమ్‌కు నేను పెట్టిన నియమం అది: రోజూ సాయంత్రం అందరూ టీ కప్పుతో కెమెరా ముందుకు రావాలి, పని మాట ఎత్తకూడదు. కంగారుపడి ఫోన్ చేశాను.

"బాబుకు జ్వరమక్కా, తుర్కయంజాల్‌ల దవాఖానకు తీస్కొచ్చిన. పరేషాన్ గాకుండ్రి, నాకొచ్చే కస్టమర్ కాల్స్ పొద్దటిసంది రవి, లలిత తీసుకుంటున్నరు."

"నాకెందుకు చెప్పలేదు?"

"గ్రూపుల పెట్టిన కదక్కా."

"ఏ గ్రూపు?"

"అది... మీరు లేని గ్రూపక్కా."

నవ్వొచ్చింది. దిల్‌సుఖ్‌నగర్‌లో లలిత, కర్మన్‌ఘాట్‌లో రవి, ఎవరి గదిలో వాళ్లు ఒంటరైపోతారని ఎంత బెంగపడ్డాను! స్వప్నతో కలిపి ఆ ముగ్గురూ ఇంతవరకు ఒకరినొకరు నేరుగా చూసుకోనే లేదు. అయినా నన్ను అడక్కుండానే ఒకరి పని ఒకరు అందుకున్నారు. గర్వంగా ఉంది, ఎవరికైనా చెప్పుకోవాలని ఉంది.

బాబుకు జ్వరం తగ్గిందని ఇందాక స్వప్న మెసేజ్ పెట్టింది. ఆ గ్రూపులో ముందే పెట్టి ఉంటుంది. పెట్టనీ. నన్ను చేర్చమని మాత్రం అడగను, నేను లేకపోతేనే అది వాళ్లది.

కానీ అక్కడ కూడా నన్ను అక్క అనే అంటారా...