గుట్ట మీద నత్త గుల్ల

సూర్యాపేట, మంగళవారం రాత్రి

ఒళ్లు మండిపోతోంది. అన్నం కూడా సయించలేదు.

నా ఫారెస్ట్ బీటులో, పెన్‌పహాడ్ దారిలో ఉన్న గుట్టకు ఈసారి ఏ మొక్కలు సరిపోతాయో తేల్చాలని పొద్దున రేంజర్ సార్ మట్టి నమూనాకు వచ్చారు. వాచర్లు ఎక్కడ గడ్డపార వేసినా జానెడు లోతులోనే మొరం తగిలి ఖంగుమంది. ఎండకు ఓపిక లేక ఆయన, పోయిన ఏడాది టేకు మొక్క ఎండిపోయిన గుంత ఒకటి చూపించి, "గీడ తవ్వండి, మెత్తగున్నది" అన్నారు. మెత్తగా ఉండదా మరి! చెరువు పూడిక మట్టి ట్రాక్టర్‌లో తెప్పించి ఆ గుంతలు నింపించింది నేనే కదా.

"సార్, అది గుట్ట మట్టి కాదు, మనం తెచ్చి పోసింది" అన్నాను.

ఆయన గుప్పెడు తీసి నలిపారు. అందులోంచి నత్త గుల్ల ఒకటి బయటపడింది.

"గుట్ట మీద నత్తలుంటయా సార్?"

"ఉంటే మంచిదేనమ్మా, నేలల జీవమున్నట్టే. మళ్ల టేకే పెడదాం."

వాచర్లు తలలు వంచుకుని నవ్వు ఆపుకున్నారు. నాకు నవ్వు రాలేదు. వేళ్లు గుంత దాటి మొరంలోకి పోలేక మొక్కలు చస్తే, నీళ్లు సరిగా పోయించలేదని మెమో వచ్చింది నాకే. ఆ గుట్టకు వేప, చండ్ర చాలని ఎంత మొత్తుకున్నాను!

గుల్లను జేబులో వేసుకొచ్చాను. టేబుల్ మీద నా ఎదురుగానే ఉంది. వచ్చే ఏడు మళ్లీ మెమో వస్తే జవాబు రాయను. దీన్నే కవరులో పెట్టి పంపిస్తాను.