కంచె లోపల పుట్టిన గొర్రెపిల్లను బయటికి వదలుట గురించి

మండల తహసీల్దారు గారి సముఖమునకు, మహబూబ్‌నగర్ జిల్లా, రాళ్లచెల్క గ్రామ సోలార్ ప్లాంటు కంచె లోపలి నుండి గొర్ల కాపరి వీరేశం వ్రాయించుకొనునది.

అయ్యా,

విషయం: ఒక గొర్రెపిల్లను, దాని తల్లిని, నన్ను గేటు దాటనిచ్చుట కొరకు.

1. నా నాలుగెకరాల చెల్కలో బోర్లు ఎండిపోయి, ఎండ తప్ప వేరే పంట లేనందున, సదరు భూమిని ఇరువది ఎనిమిదేండ్లకు సోలార్ కంపెనీ వారికి కౌలుకిచ్చియున్నాను. కౌలు ముట్టుచున్నది. ఆ విషయమై ఎట్టి పేచీ లేదు. అయితే చుట్టుపక్కల వారందరూ ఇచ్చినారు, పక్కనున్న బీడు గూడ కంచెలోకి పోయినది. ఇప్పుడు గొర్లకు బయట మేత లేదు.

2. సోలార్ ప్లేట్లు కడిగిన నీళ్లకు కింద గడ్డి ఏపుగా పెరుగుచున్నది. గడ్డి నీడ పడితే కరెంటు తగ్గును. మిషనుతో కోస్తే రాళ్లు ఎగిరి అద్దాలు పగులును. అందుచేత కంపెనీ వారే పిలిచి గొర్లను తోలుకొమ్మన్నారు. వారికి కూలి ఖర్చు మిగిలినది, నాకు మేత దొరికినది. పొద్దున ఎన్ని లోపలికి పోయినవో సాయంత్రం అన్నియే బయటికి రావలెనని షరతు. ఒప్పుకొన్నాను.

3. నిన్న నలుబది గొర్లు పోయినవి. మధ్యాహ్నం ప్లేట్ల నీడన ఒకటి ఈనినది. సాయంత్రం గేటు కాపలాదారు, మా ఊరి సుక్కమ్మ కొడుకు రాకేష్, మమ్ములను ఆపినాడు. జరిగిన మాటలు తమ పరిశీలనార్థం:

"కాకా, నలభై ఒకటున్నయ్."

"ఈనిందిరా. కండ్లు కనవడ్తలేవా?"

"కనవడ్తాంది. గని లోపల పుట్టింది లోపల్దే అంటున్నడు సారు. కెమెరాల సూస్తున్నడు. నా నౌకరి పోతది కాకా."

సదరు సారు హైదరాబాదులో కూర్చుండును. ఫోను చేయగా, ఒప్పందం ప్రకారం ఆ నేల మీద ఉన్నదంతా కంపెనీదేనని, పైనుండి ఆర్డరు వచ్చేదాకా ఆగవలెనని సెలవిచ్చినారు. గొర్రె ఈనుట ఆయన ఎన్నడూ చూడలేదు కాబోలు.

4. పిల్లను గొంగడిలో దాచి తెచ్చుటకు ప్రయత్నించిన మాట వాస్తవము. కెమెరా ముందుకు రాగానే అది అరిచినది.

5. ఒక గొర్రెను వదిలి పిల్లను తీసుకుపోతే లెక్క నలుబదే అవుతుందని రాకేష్ ఉపాయం చెప్పినాడు. తల్లిని వదిలితే పిల్లకు పాలు లేవు. వేరేదాన్ని వదిలితే, కంచె కింద దూరే కుక్కలకు దాన్ని నా చేతులతో అప్పజెప్పినట్లే. ఏ గొర్రెను వదలవలెనో తమరైనా చెప్పగలరా అయ్యా?

6. చివరకు మిగతా మందను నా కోడలు తోలుకపోయినది. తల్లి పిల్లను విడిచి కదలలేదు, నేను వాటిని విడిచి కదలలేదు. ఈ అర్జీ పెడితే రేపటి నుండి నా మందకు గేటు తీయరని తెలుసు. పెట్టకపోతే పిల్ల పోవును. భూమి వాపసు తీసుకొందామంటే ఇరువది ఎనిమిదేండ్లు నేను బతకను. ఎటు తిరిగినా కంచెయే తగులుచున్నది. ఎండ వారికి ఊరికే వచ్చినది, గడ్డికోత ఊరికే అయినది, ఇప్పుడు గొర్రెపిల్ల గూడ ఊరికే కావలెనా? కోపం వస్తున్నది. ఏడుపు గూడ వస్తున్నది. ఏ తల్లికి పుట్టినది ఆ తల్లిదే కదా అయ్యా, దీనికి ఆర్డరు ఎందుకు?

కావున సదరు పిల్ల నా గొర్రెదేనని కాగితం ఇప్పించి, మా ముగ్గురిని బయటికి పంపించవలెనని కోరుచున్నాను. మాటలో తప్పుంటే మన్నించి, పిల్ల మీద దయతో చిత్తగించవలెను.

తమ విధేయుడు,
ప్రస్తుతము కంచె లోపలనున్న
వీరేశం

తా.క.: సారూ, నేను నిరోషను, ఆయన కోడల్ని. మామ లోపల నిలవడి చెప్తుంటే కంచె బయట కూసొని నేను రాసిన. సర్కారు మాటలు నావి, కోపం ఆయనది. గీ కింది ముచ్చట ఆయనకు చదివి వినిపియ్యలే. నేను గూడ గా ప్లాంట్లనే ప్లేట్లు కడగ కూలికి పోతున్న. మానుకుంటే ఎల్లదు. నాకిప్పుడు ఎనిమిదో నెల. లోపలనే నొప్పులొచ్చి, పొద్దుగాల ఒక్కదాన్ని పోయి పొద్దుమూకి ఇద్దరం బయటికొస్తే, రాకేష్ గేటు తీస్తడా? జర గా సంగతి గూడ ఆర్డర్ల రాయుండ్రి.