అచ్చొచ్చిన చెయ్యి

అక్టోబరు 14

లొరెట్టా అక్కకు,

బట్టలు ఆరేశాను, యాపిల్ గుజ్జు సీసాలకెత్తాను, ఓవెన్ కడిగాను. ఇక నీకు ఉత్తరం ఒక్కటే మిగిలింది.

జూదం మానుకోవాలని, మిస్సోరీలో ఏ కాసినోలోనూ అడుగు పెట్టనని డెల్మార్ వసంతంలో సంతకం చేశాడు. పెడితే పోలీసులకు పట్టిస్తారు. అందుకని తను కారులో కూర్చుని నన్ను లోపలికి పంపేవాడు. "నీది అచ్చొచ్చిన చెయ్యే. కాసేపు ఆడి వచ్చెయ్" అనేవాడు. వేసవంతా రాష్ట్రంలో ఒక్కొక్కటీ తిరిగాం. మీ ఊళ్లోది మాత్రమే మిగిలింది.

మొన్న డబ్బంతా అయిపోయాక కూడా నాకు మిషను ముందు నుంచి లేవబుద్ధి కాలేదు. భయమేసి, నిన్న నేనూ వెళ్లి సంతకం చేసి వచ్చాను.

డెల్మార్ కోప్పడలేదు. భోజనం దగ్గర మాత్రం, "అన్నయ్య పోయాక వదిన ఒంటరిదైపోయింది. వెళ్లి చూసి రావాలి. ఆ బీమా డబ్బు వచ్చిందంటావా?" అన్నాడు.

శనివారం వస్తాడు. ఈస్టరుకు నేను నీ దగ్గర్నుంచి తెచ్చుకున్న గాజు పళ్లెం ఇవ్వడానికి వచ్చానంటాడు. కాసినోలో భోజనం బాగుంటుంది, రమ్మంటాడు. తను కారులోనే ఉంటానంటాడు. "నీది అచ్చొచ్చిన చెయ్యి, వదినా" అని నీతోనూ అంటాడు.

పళ్లెం గుమ్మంలోనే అందుకో. కారు మాత్రం ఎక్కకు.

పళ్లెంతో నేను నీకున్న బాకీ తీరినట్టే.