నా సున్నా నాకుండనివ్వండి

షాంటిలీ, 18 సెప్టెంబరు 2006

చిరంజీవి కేశవరావుకి జియాలజీ మాస్టారు విశ్వనాథం ఆశీస్సులు.

మొన్న మా అమ్మాయి బ్లూరిడ్జ్ కొండలకి తీసుకెళ్లింది. ఖండాలు ఢీకొని కొండలు లేచాయని అక్కడ బోర్డు పెట్టారు. 1963 సెలక్షన్ పరీక్షలో నువ్వు రాసింది అదే కదయ్యా! భూమి చల్లారి, కుంచించుకుపోయి, ఎండు ఉసిరికాయలా ముడతలు పడితే అవే కొండలని నేను చెప్పాను. అది రాయలేదని సున్నా వేసి, నిన్ను పబ్లిక్ పరీక్షకి పంపకుండా ఏడాది కూర్చోబెట్టాను. తప్పు నాది. ఆ సున్నా కొట్టేయమని కాలేజీకి రాస్తున్నాను.

ఇట్లు,
విశ్వనాథం

తా.క. బోర్డు ముందు గుంజీళ్లు తీయబోతే మోకాళ్లు ఒప్పుకోలేదు.

షామ్‌బర్గ్, 25 సెప్టెంబరు

పూజ్యులైన మాస్టారికి కేశవరావు నమస్కారాలు.

మీ సున్నా పుణ్యమా అని బాగుపడ్డాను. దయచేసి దాని జోలికి వెళ్లకండి.

విధేయుడు,
కేశవరావు

తా.క. మీ ఉత్తరం వచ్చినప్పట్నించీ ఇంట్లో నాకు కాఫీ లేదు.

షాంటిలీ, 2 అక్టోబరు

కేశవరావుకి,

"పుణ్యమా అని బాగుపడ్డాను" అని ఎంత చక్కగా ఎత్తిపొడిచావయ్యా! భూమి చల్లారిందని పాఠం చెప్పినవాణ్ణి, నలభై మూడేళ్లయినా నీ కోపం చల్లార్చలేకపోయాను. మీ ఊరి తెలుగు సంఘం జగన్మోహన్‌కి ఫోన్ చేశాను. దీపావళి పార్టీలో నీకు శాలువా కప్పి, "కాలానికి ముందు పుట్టిన శాస్త్రవేత్త" అని మొమెంటో ఇస్తారు. స్టేజి మీద నేనే క్షమాపణ చెప్తాను. ఫ్లైట్ బుక్ చేశాను.

సిగ్గుపడుతూ,
విశ్వనాథం

తా.క. మొమెంటో మీద వేయడానికి వాళ్ల దగ్గర తిరుపతి కొండ బొమ్మ ఒక్కటే ఉందట. సరేనన్నాను.

షామ్‌బర్గ్, 9 అక్టోబరు

మాస్టారూ,

ఎత్తిపొడుపు కాదండీ, ఒట్టు! ఆ రోజు నాకు ఒక్క ముక్క రాదు. పరీక్షకి వస్తుంటే వంతెన దగ్గర రెండు లారీలు గుద్దుకుని బానెట్లు పైకి లేచాయి. లారీలు తీసేసి ఖండాలు పెట్టి అదే రాశాను. మీరు ఏడాది కూర్చోబెడితే, పక్క బెంచీలోకి జూనియర్ ఛాయాదేవి వచ్చింది. ఇప్పుడు మా ఆవిడ. "అప్పుడే పాసైపోయుంటే నా మొహం చూసేవారా?" అని కాఫీ ఆపేసింది. ఆ సున్నా మా శుభలేఖ మాస్టారూ. మీ మేలు ఎన్నటికీ మరిచిపోను. మీరు రండి, ఆ శాలువా మీకే కప్పుతాం.

మీ సున్నా శిష్యుడు,
కేశవరావు

తా.క. మాస్టారూ, నేను ఛాయాదేవిని. మరుసటేడు ఈయన బుద్ధిగా ఉసిరికాయ రాసి పాసయ్యారు. ఈయన చెప్పిన ఖండాల జవాబు నేను రాశాను, అక్షరం పొల్లు పోకుండా. మీరు డెబ్భై రెండు వేసి, పక్కన "చక్కని దస్తూరీ" అని రాశారు. నా పేపరు చదివి ఉంటే నేను ఆగిపోయేదాన్ని, ఈయన వెళ్లిపోయేవారు. చదవనందుకు మీకు వెయ్యి నమస్కారాలు.