వీపు మీద అంకె

ఆగస్టు 6, ఆదివారం

యాభై ఏళ్లొచ్చాక డైరీ మొదలుపెడుతున్నానంటే నాకే వింతగా ఉంది. హైస్కూలు దాటాక చెక్కుల మీద సంతకాలూ చర్చి భోజనాలకు కావలసిన సరుకులూ తప్ప నేను రాసిందేమీ లేదు. కానీ నిన్న టోర్నమెంటు అయిపోయాక పార్కింగ్ లాట్‌లో ఒక తండ్రి నా మీద పడ్డాడు. వాళ్లబ్బాయిని బ్యాటింగుకి అందరికన్నా చివర పంపారట. నువ్వు నడిపే ఈ సంతలో న్యాయమనేది ఉందా డార్లా, ఉంటే ఏ బ్యాగులో దాచావో చూపించు, అని అరిచాడు. పిల్లలంతా చూస్తున్నారు. నేను నవ్వాను. నాకు చేతనైంది అదొక్కటే. ఇంటికొచ్చి మొహం కడుక్కున్నా ఆ నవ్వు దిగలేదు. ఇప్పుడెవరున్నారని నవ్వుతున్నావ్, అని మా ఆయన గ్లెన్ అడిగాడు.

దేవుడికి చెప్పుకుందామంటే ఏప్రిల్ నుంచి ఆయనకి ఇవే చెబుతున్నాను. మళ్లీ మోకరిల్లి అదే మొదలుపెట్టడానికి సిగ్గేసింది. అందుకే ఈ కాగితాలు.

ఆగస్టు 8, మంగళవారం

ఇంకో రెండు వారాల్లో నేను పనిచేసే స్కూలు వంటగది తెరుస్తారు. ఈ లోపల నేను చూసే పిల్లల క్లబ్బుకి కొత్త సీజను టీములు కట్టాలి. మగపిల్లలకి బేస్‌బాల్, ఆడపిల్లలకి సాఫ్ట్‌బాల్, వయసు ప్రకారం ఏడు టీములు. శని, ఆదివారాలు ఊళ్లు పట్టుకు తిరిగి ఆడతారు. నెబ్రాస్కాలో నేను చూడని మైదానం, కడగని మరుగుదొడ్డి లేవనుకుంటా.

మా పిల్లలిద్దరూ ఆడారు, పెరిగారు, మానేశారు. నేను మానలేదు. స్టోర్ రూము తాళాలు ఎవరి చేతికివ్వాలో తెలియలేదు, అంతే. వేసవంతా ఒక్క ఆదివారం కూడా చర్చిలో కూర్చోలేదు. పాస్టర్ ఏమీ అనడు. ఆయన మనవడు మా టీములోనే షార్ట్‌స్టాప్.

ఆగస్టు 11, శుక్రవారం

రేపు పన్నెండేళ్ల లోపు అమ్మాయిలకి ట్రైఔట్, టీముకి ఎంపిక.

ఇదివరకు కోచ్‌లే ఎంచుకునేవారు. కోచ్‌లంటే తండ్రులే కదా. ఎవరి కూతురు వాళ్లకి బంతి విసరడంలో మహా పిచ్చర్‌గా కనిపిస్తుంది. ఒక ఏడాది ఇద్దరు తండ్రులు స్కోరు బోర్డు కింద కాలర్లు పట్టుకున్నాక నేనొక నియమం పెట్టాను. బయటి ఊరి నుంచి ఇద్దరు హైస్కూలు కోచ్‌లు వచ్చి మార్కులు వేస్తారు. పేర్లుండవు. ప్రతి పిల్ల వీపుకీ కాగితం మీద ఒక నంబరు పిన్నుతో గుచ్చుతాను. మా కోచ్‌లూ తల్లిదండ్రులూ కంచె లోపలికి రాకూడదు. సాయంత్రం ఇంటింటికీ నేనే ఫోన్ చేస్తాను. చోటు వచ్చిన పిల్లకీ, రాని పిల్లకీ. వేరే క్లబ్బులవాళ్లు ఈమెయిల్ పడేసి ఊరుకుంటారు. పదకొండేళ్ల పిల్లకి ఈమెయిల్ ఏమిటి?

ఈ నియమం మంచిదని నాకు కొంచెం గర్వం కూడా ఉంది. గర్వాన్ని క్షమించమని అడిగాను.

ఆగస్టు 12, శనివారం, మధ్యాహ్నం

ఎండ మండిపోయింది. హాటీకి నేనే నంబరు గుచ్చాను, పద్దెనిమిది. ఇది దానికి మూడో ప్రయత్నం. తండ్రి ఎమెట్ పశువుల లారీ నడుపుతాడు, ఇంట్లో ఉండేది వాళ్లిద్దరే. పిల్ల నోరు మూతపడదు. మిస్ డార్లా, ఈసారి రాకపోతే నన్ను ఐసు పెట్టెలు మోయడానికైనా పెట్టుకోవాలి, జీతమొద్దు, తినడానికి నాచోలు చాలు, అంది. బుధవారం ప్రార్థనలో దానికి చోటివ్వమని పేరు చెప్పి మరీ అడిగాను. ఎవరి పేరూ చెప్పకూడదని నాకు తెలుసు. చెప్పాను.

సాయంత్రం ఏడు

మార్కులొచ్చాయి. పద్దెనిమిదో నంబరు అందరికన్నా పైన.

కాగితం రెండుసార్లు చూశాను. మూడోసారి చూడలేదు. ప్రభువా, నీకు స్తోత్రం అనుకుని ముందు ఎమెట్‌కే ఫోన్ చేశాను. అవతల హాటీ అరుపుకి కుక్క మొరగడం మొదలుపెట్టింది. ఎమెట్ దాన్ని ఊరుకోమని ఫోన్ మళ్లీ అందుకున్నాడు. డార్లా, నువ్వు జోకులెయ్యవని తెలుసు గనక నమ్ముతున్నా, అన్నాడు.

రాని పిల్లల్లో కిన్లీ ఒకతె. జూన్‌లో కొలరాడో నుంచి వచ్చారు, తల్లి షానా క్లినిక్‌లో నర్సు. సరే, చెప్పినందుకు థాంక్స్, అంది.

ఆగస్టు 13, ఆదివారం

ఇన్నాళ్లకి చర్చికి వెళ్లాను. పాట పాడుతుంటే కళ్లు తడిశాయి.

బయటికొచ్చేసరికి ట్రెంట్ నా కారుకి ఆనుకుని ఉన్నాడు. ఆ టీముకి కోచ్ అతనే. ఏం డార్లా, హాటీ ఎప్పణ్ణుంచి ఎడంచేత్తో విసురుతోంది, అన్నాడు. నాకు అర్థం కాలేదు. మార్కులేసినవాళ్లు నిన్న గ్యాస్ స్టేషన్‌లో కనిపించి చెప్పారట, పద్దెనిమిది నంబరు ఎడంచేతి పొడుగు పిల్లని వదులుకున్నావంటే నీ అంత మొద్దు ఈ కౌంటీలో ఉండడు అని. నాకు తెలిసిన హాటీ పొట్టిది, కుడిచేతిది, ఆ కుడిచెయ్యి కూడా బంతిని తోచిన చోటికి పంపుతుంది, అన్నాడు.

ఒక తల్లి ఫోన్లో ఫొటోలు చూశాం. పద్దెనిమిది కిన్లీ వీపు మీద ఉంది. హాటీ వీపు మీద ఏడు.

మార్చుకున్నారు.

జెర్సీ నంబరు కోసం పిల్లలు ఎలా కొట్టుకుంటారో ప్రతి వసంతంలోనూ చూసే మనిషిని నేను. హెల్మెట్ మీదా బూట్ల మీదా అదే రాసుకుంటారు. వీపున గుచ్చిన కాగితాన్ని ఊరికే వదులుతారని ఎలా అనుకున్నాను? హాటీకి అన్ని మార్కులెలా వచ్చాయని ఒక్కసారి కూడా ఎందుకు అనుకోలేదు?

ఎందుకో నాకు తెలుసు. నేను అడిగాను, వచ్చింది అనుకున్నాను.

ఆగస్టు 14, సోమవారం

షానా ఇంటికి వెళ్లాను. గుమ్మంలోనే నిలబెట్టింది. తప్పు జరిగింది, అన్నాను. ఎవరి వల్ల, అని అడిగింది. నా వల్లే, అన్నాను. నువ్వు ఎంత తియ్యగా కాదన్నావంటే నేను థాంక్స్ చెప్పాను, ఫోన్ పెట్టాక గాని గుర్తురాలేదు మా పిల్లని వద్దన్నావని, అంది. శుక్రవారం పక్క ఊరి క్లబ్బులో ట్రైఔట్ ఉందట. చోటుంటే గురువారం లోపు చెప్పు, లేకపోతే మొహమాటపడి మళ్లీ రావొద్దు, అంది.

సాయంత్రం ట్రెంట్ ఫోన్. కిన్లీ కావాలి, టీము మాత్రం పన్నెండుగురే. పదమూడో పిల్లని పెట్టుకుందామన్నాను. కుదరదన్నాడు. పోయిన ఏడాది పదమూడుగురిని పెట్టుకుంటే ఎవరి పిల్ల బెంచీ మీద కూర్చోవాలనే గొడవలతో, తల్లులు నిలదీస్తారని నా పెళ్లాం కిరాణా కొట్టుకి వెళ్లడం మానేసింది, అన్నాడు. అది నిజమే. హాటీకి నువ్వే చెప్పు, లేదంటే వేరే కోచ్‌ని వెతుక్కో, అన్నాడు. అతను చెడ్డవాడు కాదు. అలిసిపోయాడు. ఈ ఊళ్లో అలిసిపోనిది పిల్లలే.

ఆగస్టు 15, మంగళవారం

ఎమెట్ ఇంటికి వెళ్లాను. దారిలో మాటలు కూర్చుకున్నాను. ఏం కూర్చుకున్నానో ఇప్పుడు గుర్తు లేదు.

హాటీ పెరట్లో ట్రాక్టరు టైరుకి బంతి విసురుతోంది. టైరుకి తగిలినవాటికన్నా కోళ్ల గూటికి తగిలినవే ఎక్కువ. నన్ను చూసి పరిగెత్తుకొచ్చింది. మిస్ డార్లా, కిన్లీకి కూడా వచ్చిందా, అని అడిగింది. రాలేదన్నాను. అదేంటి, అక్కడున్న అందరికన్నా అదే బాగా విసిరింది, మీ కోచ్‌లకి కళ్లద్దాలు కొనిపెట్టండి, అంది. తరవాత ఇంకేదో చెప్పడం మొదలుపెట్టింది. పాత ఊళ్లో కిన్లీది పద్దెనిమిదేనట, ఇక్కడ తనకెవరూ తెలీదని ఏడుపు మొహం పెట్టిందట, అందుకని ఇచ్చేశా, అంటూ చెబుతున్నదల్లా మధ్యలో ఆగిపోయింది.

దాని నోరు ఆగడం నేనెప్పుడూ చూడలేదు.

నేను ఏదో ఒకటి అనాలి. అనలేదు. నిలబడ్డాను. బహుశా నవ్వి కూడా ఉంటాను.

అయితే అది నాది కాదన్నమాట, అంది. బంతి కింద పెట్టి లోపలికి వెళ్లింది.

ఆగస్టు 16, బుధవారం

ఎమెట్ ఫోన్ చేశాడు. హాటీ రాదట, చోటు కిన్లీకే ఇమ్మని చెప్పిందట. నేను మెల్లగా థాంక్స్ అన్నాను. అప్పుడు అతని గొంతు లేచింది. నాకు థాంక్సెందుకు డార్లా? చెప్పాలని వచ్చావు, చెప్పకుండా నిలబడ్డావు, ఆ మాట పదకొండేళ్ల పిల్ల నోట అనిపించుకుని వెళ్లావు. ఆ పార్కింగ్ లాట్‌లో అరిచేవాళ్లు నయం, అన్నాడు.

ఫోన్ పెట్టేశాడు.

ట్రెంట్‌కి చెప్పాను. చూశావా, దేవుడే సర్దేశాడు, అన్నాడు.

ఇవాళ ప్రార్థన కూటానికి వెళ్లలేదు.

ఆగస్టు 17, గురువారం

పార్కులో షెడ్డు కింద టీము పిల్లల ఇళ్లవాళ్లతో మీటింగ్, ఎమెట్ రాలేదు. ప్రాక్టీసు రోజులు చెప్పి పంపేయాలి, అంతే. షానా కూడా వచ్చింది, ఏం చెబుతానో వినడానికి. నేను లేచి నిలబడి ప్రాక్టీసు రోజుల గురించి కాకుండా వేరేది మాట్లాడాను.

నంబర్లు తారుమారైన సంగతి చెప్పాను. పిల్లల తప్పు లేదు, నియమం నాది, చూసుకోవలసింది నేను, చూసుకోలేదు అన్నాను. చూడాలనిపించలేదు అని కూడా అన్నాను. బల్ల పట్టుకున్నాను. ఈ ఏడాది పదమూడుగురు. హాటీ ఉంటుంది, కిన్లీ ఉంటుంది. బెంచీ గురించి ఎవరికి కోపమొచ్చినా నా దగ్గరికి రండి, ట్రెంట్ పెళ్లాం దగ్గరికి కాదు, అన్నాను.

ఎవరో నవ్వారు. ఒక తండ్రి, ఇన్నేళ్లూ ఈ గొంతు ఎక్కడ దాచావ్ డార్లా, అన్నాడు. వెటకారమో మెచ్చుకోలో తెలియలేదు. ఇద్దరు లేచి వెళ్లిపోయారు, కూతుళ్లని తీసుకుని. అంటే ఇక పదకొండుగురే. ట్రెంట్ అది వేళ్ల మీద లెక్కపెట్టి నాకు చూపించాడు. చూశావా, పన్నెండు కూడా లేరిప్పుడు, అన్నాడు. అయినా సరే, అన్నాను. అతను విజిలు తీసి బల్ల మీద పెట్టాడు. నా మీద కోపం కాదు డార్లా, నాకు నిద్ర కావాలి, అన్నాడు.

షానా దగ్గరికొచ్చి, అయితే కోచ్ ఎవరు, అని అడిగింది. నాకేం తెలుసు? నేనే, అన్నాను.

గ్లెన్‌కి చెబితే తింటున్నవాడు ఆగి, నువ్వు విజిలు ఊదితే కోళ్లు కూడా తలెత్తవు, అన్నాడు. తరవాత, మైదానానికి సున్నం గీతలు నేను వేస్తాలే, బేసుల దగ్గర కూడా నిలబడతా, అన్నాడు.

ఆగస్టు 18, శుక్రవారం

మళ్లీ ఎమెట్ ఇంటికి. ఈసారి ఏమీ కూర్చుకోలేదు. హాటీ జాలీ తలుపు వెనక నిలబడింది, తలుపు తియ్యలేదు.

చెప్పాను. నీకొచ్చిన మార్కులు తక్కువ హాటీ. నంబర్లు మారకపోతే శనివారం నీకు కాదనే ఫోన్ చేసేదాన్ని. అది నిజం. నిన్ను రమ్మని నేను పిలిచాను, అదీ నిజమే. పిలిచినదాన్ని వెనక్కి తీసుకోను. కిన్లీ కూడా ఉంటుంది. నువ్వు బెంచీ మీద చాలాసేపు కూర్చోవలసి వస్తుంది. కోచ్‌ని నేను, నాకు ఆట నేర్పడం రాదు. వస్తావా?

హాటీ లోపలి తలుపు కూడా వేసేసింది.

ఎమెట్ నన్ను కారు దాకా దిగబెట్టాడు. ఇవాళ చెప్పావు, అన్నాడు.

ఆగస్టు 20, ఆదివారం

చర్చికి వెళ్లాను. ఎవరి పేరూ చెప్పి అడగలేదు.

ఆగస్టు 24, గురువారం

స్కూలు వంటగదిలో నాలుగు రోజులు. కాళ్లు వాచాయి. మధ్యాహ్నం లైన్లో హాటీ ట్రే పట్టుకుని వచ్చింది. మామూలుగా అయితే బంగాళదుంపలు ఇంకొంచెం వెయ్యమని బేరమాడుతుంది. ఇవాళ నా గరిటెను చూసింది, నా మొహం చూడలేదు. దాని వెనకే కిన్లీ. ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చున్నారు.

రాత్రి గ్లెన్ పెరట్లో నాకు బంతి పట్టడం నేర్పించాడు. గ్లవ్ మూయాలి, కళ్లు కాదు, అన్నాడు.

ఆగస్టు 27, ఆదివారం

మొదటి ప్రాక్టీసు. మొదలయ్యే వేళకి పదిమంది, హాటీ లేదు. విజిలు ఊదాను, ఎవరికీ వినపడలేదు. చేత్తో పిలిచాను.

గ్లవ్ తీసి నీళ్ల సీసా మూత తిప్పుతుంటే మైదానం కుడి మూల, రైట్ ఫీల్డ్ వైపు నుంచి పేరు పెట్టి పిలవకుండా ఎవరో బంతి విసిరారు. సూటిగా వచ్చింది. ఒట్టి చేత్తో పట్టాను. హాటీ మళ్లీ విసరమన్నట్టు గ్లవ్ చాపి నిలబడింది.

ఇంటికొచ్చి రాస్తున్నాను. అరచెయ్యి ఇంకా మండుతోంది. గ్లెన్, ఈ కాగితాలు నీకు దొరికితే పారెయ్యకు. ఎవరికీ చూపించకు కూడా.